గీత రాని బస్తా

జనవరి 20, 2025
యమున గారు చేసిన కాయితం స్ట్రిప్ ఇవాళ కూడా పని చేసింది. రెండేళ్ళుగా ఆవిడ ల్యాబ్‌లో బీకర్లు కడుగుతున్నాను, నాకే నమ్మబుద్ధి కావడం లేదు. దాని మీద ఉండేది చిన్న డీఎన్ఏ ముక్క. ఆప్టమర్ అంటారు. బూజు వదిలే విషం ఎదురైతే పోయి దాన్నే పట్టుకుంటాది, పక్కనున్నదాన్ని ముట్టుకోదు. వేరుశనగ గింజలు నూరి, స్పిరిట్‌లో కలిపి, వడకట్టి స్ట్రిప్ మీద ఒక్క చుక్క వేస్తే చాలు. విషం ఉంటే రెండో గీత రాదు. ఏం తెలివి దానిది! ల్యాబ్‌లో సరే. ఊళ్ళో ఏం చేస్తాదో.

జనవరి 22, ఉదయం 11
గరివిడి దగ్గర ఊరు. ఇక్కడ లక్ష్మణమ్మ గారి మహిళా సంఘం అంగన్‌వాడీ పిల్లలకి వేరుశనగ ఉండలు చేస్తాది. నాలుగు బస్తాలు చూశాం. మూడింటికి రెండో గీత రాలేదు. గింజలు మాత్రం నిగనిగలాడుతున్నాయి.
లక్ష్మణమ్మ గారికి ఒళ్ళు మండింది. ముప్పై ఏళ్ళు గింజలేరిన తన కళ్ళకి కనపడనిది మా కాయితానికి ఎలా కనపడిందని అడిగింది. నేను నోరు తెరవబోతే యమున గారు నా చెయ్యి నొక్కారు. రేపు ఉండలు వెళ్ళాలి. ఆపమంటే ఆపనంది.

సాయంత్రం
అమ్మో, ఆవిడ మామూలు మనిషి కాదు. లోపలికెళ్ళి ఆరు గిన్నెల్లో గింజలు తెచ్చి పెట్టింది. ఏ గిన్నెలో ఏ బస్తావో చెప్పదు. మా స్ట్రిప్‌కే పరీక్ష! నాలుగు గిన్నెలకి గీత రాలేదు, రెండింటికి వచ్చింది.
లక్ష్మణమ్మ గారు ఆ రెండు గిన్నెలూ పక్కకి తీసి పెట్టింది. తరవాత చెప్పింది. గీత వచ్చిన రెండూ మిషన్లో ఒలిచిన బస్తావే. మిగతావన్నీ చేత్తో ఒలిచినవి. వేళ్ళు నొప్పెట్టకుండా కాయల మీద నీళ్ళు చల్లి, మూటకట్టి, రెండ్రోజులాగి ఒలుస్తారు. ఆ తడికే బూజు, కంటికి ఆనదు. ఆ పద్ధతి అందరికీ నేర్పింది తనేనని కూడా ఆవిడే చెప్పింది. ఎవరూ అడగలేదు. నేనైతే చచ్చినా చెప్పను.

జనవరి 23
ఉండలు వెళ్ళలేదు. మూడు బస్తాలూ లక్ష్మణమ్మ గారే దగ్గరుండి గోతిలో కప్పెట్టించింది. పశువులకి కూడా వద్దందట.

జనవరి 24
లక్ష్మణమ్మ గారు బస్సెక్కి ల్యాబ్‌కి వచ్చింది.
"ఇన్నేళ్ళూ నా ఉండలు తిన్న పిల్లలున్నారు కదమ్మా. ఆళ్ళ ఒంట్లో విషం కూడా ఈ కాయితం సూస్తాదా?"
అది దానికింకా రాదన్నారు యమున గారు.
"అయితే దానికి నేర్పండి."
టీ తాగమన్నా తాగకుండా వెళ్ళిపోయింది.