మోడులను తట్టుకునే పడవ

ఫిబ్రవరి 11, శనివారం

ఈ రోజు యులీస్ కుడికాలు మోకాలి కింద నుంచి తీసేశారు. నా తమ్ముడు. ముప్పై తొమ్మిదేళ్లు.

గురువారం పొద్దున చిత్తడి అడవుల బేసిన్‌లో, పాత కాలువలో ఇద్దరం రొయ్యల్లాంటి క్రాఫిష్ పట్టే బోనులు ఎత్తుతున్నాం. క్లోవిస్ వచ్చాడు. మా పెద్దమ్మ కొడుకు. ఆ కాలువ వాళ్ల నాన్నదట. నీళ్లకు నాన్న ఏమిటి? జనవరిలో మా బోనుల తాళ్లు కోసిందీ వాడే. ఈసారి ఏకంగా పడవతో గుద్దాడు. మా పాత పడవ రివెట్ల వెంబడి బట్ట చిరిగినట్టు చిరిగింది. యులీస్ కాలు పడవ అంచుకూ సైప్రస్ చెట్టుకూ మధ్య పడింది. ఆ చప్పుడు గురించి రాయను.

ఫిబ్రవరి 14

పోలీసు డిప్యూటీ వచ్చి కాగితం మీద ప్రమాదం అని రాసుకుని పోయాడు. నీళ్లలోని చెట్టు మోడుకు తగిలి, వేగం పెంచే థ్రాటిల్ బిగుసుకుపోయిందని క్లోవిస్ చెప్పాడట. అది నమ్మడానికి ఆయనకు కాఫీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు.

ఫిబ్రవరి 20

పడవలు అమ్మే హర్లన్ షాపుకి వెళ్లాను. బతకాలంటే పడవ కావాలి. అదొక్కటే కారణం కాదు. ఇక్కడ కూడా అబద్ధమాడితే ఇంకెక్కడ నిజం చెప్పను?

యులీస్ ఆసుపత్రి నుంచి ఫోన్లో ఒకటే పాట. పద్నాలుగు అడుగులది చాలట. రివెట్లదే తీసుకోమంటాడు, తేలిగ్గా ఉంటుంది, ఒక్కదాన్నే ఒడ్డుకు లాక్కోగలను అని. వాడు చెప్పింది నిజమే. నేను పదహారడుగులది, వెల్డింగ్ చేసింది, మందపాటి రేకుది చూపించమన్నాను. రెండింటి ముక్కుల మీదా పిడికిలితో కొట్టి చూశాను. రివెట్లది ఖాళీ డబ్బాలా మోగింది. ఇది మోగలేదు.

ఇంత బరువుది ఎందుకమ్మా అన్నాడు హర్లన్. మోడుల కోసం అన్నాను.

ఫిబ్రవరి 23

మోటారు. మామూలు అవుట్‌బోర్డ్ వేగంగా పోతుంది, మోత తక్కువ. కానీ చల్లబడటానికి అది నీళ్లు పీల్చుకోవాలి. గుర్రపుడెక్కలోకి పోయిందా, గొంతుకు అడ్డం పడుతుంది. క్లోవిస్‌కు ఉన్నది అదే. మడ్ మోటారు గాలికే చల్లబడుతుంది. బురదలోనూ దున్నుకుపోతుంది. చెవులు పగిలే మోత. అదే బిగించమన్నాను, ముప్పై అయిదు హార్స్‌పవర్‌ది.

వెనక బరువెక్కి ముక్కు లేస్తుందన్నాడు హర్లన్. అయితే బ్యాటరీ, పెట్రోలు ట్యాంకు ముందుకు జరపమన్నాను. ఆయన నవ్వాడు. ముక్కు లేస్తేనే నయం కదా, మోడు మీదుగా జారిపోతావు అన్నాడు.

మీదుగా పోవాలని నాకు లేదు. ఆ మాట ఆయనతో అనలేదు.

మార్చి 1

భస్మ బుధవారం. చర్చిలో నుదుట బూడిద పెట్టించుకున్నాను. పాపాలు చెప్పుకోలేదు. ఇంకా చేయలేదు కదా.

మార్చి 4

యులీస్ ఇంటికొచ్చాడు. చంకకర్రల మీద నేరుగా షెడ్డులోకే పోయాడు. పడవ చుట్టూ తిరిగాడు. ముందుకు జరిపిన ట్యాంకు చూశాడు. ముక్కు మీద కర్రతో ఒక్క దెబ్బ వేసి నా వైపు తిరిగాడు.

"అక్కా, ఇది చేపల పడవ కాదే."

నీ కాలు అడుగు, ఏ పడవో అదే చెబుతుంది అన్నాను. కర్ర విసిరాడు. నా కనుబొమ్మ చిట్లింది. నేను వాణ్ని చెంప మీద కొట్టాను. ఒంటికాలి మనిషి, నిలువునా కూలిపోయాడు. లేపబోతే నా చెయ్యి తోసేశాడు.

మార్చి 9, ఉదయం 6

యులీస్ నిద్రపోతున్నాడు. వెళ్తున్నాను.

మార్చి 9, మధ్యాహ్నం

జరిగింది రాయాలని లేదు. అయినా రాస్తాను.

క్లోవిస్ మా కాలువలో, మా చోటే బోనులు ఎత్తుతున్నాడు. మోత విని తలెత్తాడు. నన్ను గుర్తుపట్టి చెయ్యి కూడా ఊపాడు. నేను వేగం తగ్గించకపోయేసరికి అర్థమైంది. మోటారు తాడు లాగి లోతు లేని వైపు పరుగెత్తాడు, గుర్రపుడెక్కలోకి. అక్కడ వాడి మోటారు కీచుమని అరిచి ఊరుకుంది.

నేను గుద్దాను. సరిగ్గా నడిమధ్యన. తుఫానుకు ఇంటికప్పు లేచిపోయినట్టు చప్పుడు. వాడి పడవ మడత పడింది. నా నోరు పడవను తిప్పే పిడికి, టిల్లర్‌కు కొట్టుకుని రెండు పళ్లు ఊడాయి. వాడు నీళ్లలో పడ్డాడు. తొడల దాకా వచ్చే రబ్బరు బూట్లు నీళ్లతో నిండాయి. ఎలాగో వచ్చి నా పడవ అంచు పట్టుకున్నాడు.

తెడ్డుతో ఆ చేతి మీద కొట్టాను. వదల్లేదు. మళ్లీ కొట్టాను. వేళ్లు విరగడం తెడ్డు కర్రలోంచి నా అరచేతికి తెలిసింది.

"చెల్లీ! ఒసేయ్ చెల్లీ, నేనే! నేనేనే!"

తెలుసు. నాకు టిల్లర్ పట్టడం నేర్పింది వాడే. రెండో చెయ్యి వేశాడు. దాన్నీ కొట్టాను. మునిగాడు. తేలాడు. మళ్లీ మునిగాడు. ఈసారి తేలలేదు. నీళ్ల మీద ఆకులు కలుసుకోవడం మొదలైంది.

ఎందుకో రాయలేను. చెయ్యి పెట్టి కెలికాను. కాలరు దొరికింది. వంద కిలోల మనిషి. ఎలా లాగానో తెలియదు. వాడు నా బూట్ల మీద కక్కుకున్నాడు. ఊపిరి వచ్చిందని తెలిశాక మొహం మీద మళ్లీ ఒకటి కొట్టాను. ఆ దెబ్బకు వాడు చెయ్యి అడ్డం పెట్టలేదు. పెట్టుకోవడానికి పనికొచ్చే చేతులు లేవు.

మార్చి 12

అదే డిప్యూటీ. మోడుకు తగిలిందని క్లోవిస్ చెప్పాడట. అదే మాట రాసుకున్నాడు. నా పళ్ల వైపు ఒకసారి చూశాడు, అంతే.

క్లోవిస్ ఎడమచేతికి రెండు వేళ్లు పోయాయి. కుడిచేతి ఎముకలకు మేకులు దిగేశారు. ఇక దేన్నీ గట్టిగా పట్టుకోలేడట.

మార్చి 20

యులీస్ మాట్లాడటం లేదు. గంబో పులుసు వండాను. తిన్నాడు. గిన్నె తనే కడుక్కున్నాడు. నిన్న క్లోవిస్‌ను చూడటానికి ఆసుపత్రికి వెళ్లొచ్చాడని పక్కింటావిడ చెబితే తెలిసింది.

ఏప్రిల్ 14, గుడ్ ఫ్రైడే

యులీస్ తనూ వస్తానన్నాడు. పడవ ముందువైపు, నాకు వీపు పెట్టి కూర్చున్నాడు. క్లోవిస్ బోనులు ఎత్తేవాళ్లు లేక నిండిపోయి ఉన్నాయి. ఆపమన్నాడు. ఒక్కొక్కటీ ఎత్తి లోపలి క్రాఫిష్ అంతా నీళ్లలోకే వదిలేశాం. ఒక్కటి కూడా తెచ్చుకోలేదు.

తిరిగొస్తుంటే అడిగాడు, ఆ రోజు నీళ్లలోంచి వాడేమన్నాడని.

మోటారు మోతలో వినపడలేదన్నాను.

ఆ రోజు గుద్దగానే నా మోటారు ఆగిపోయింది. బేసిన్ అంతా నిశ్శబ్దంగా ఉంది.