కదిలే గ్యాలరీ

ఫిబ్రవరి 9

కళ్లజోళ్ల షాపులో సగం పూట సెలవు పెట్టి మున్సిపల్ కౌన్సిల్ ఆఫీసుకి వెళ్లాను. మా బిల్డింగు లిఫ్టు గురించి ఇది ఎన్నోసారో నాకే గుర్తులేదు. రిపేర్ల సెక్షన్ గుమాస్తా తల ఎత్తలేదు. మోటారు కాలిపోయింది, కొత్తది వెయ్యాలి, మా దగ్గర బడ్జెట్ లేదు, క్రౌడ్‌ఫండింగ్ పేజీలో పెట్టుకోండి, జనం సగం వేస్తే మిగతా సగం కౌన్సిల్ వేస్తుంది అన్నాడు. లిఫ్టు ఎవరిదండీ అన్నాను. కౌన్సిల్‌దే అన్నాడు. మరి జనం ఎందుకు వెయ్యాలి అంటే కమ్యూనిటీ స్పిరిట్ అన్నాడు. ఆ మాట అన్నప్పుడు మాత్రం తల ఎత్తాడు.

బయటికొచ్చాక ఉమ్మెయ్యాలనిపించింది. గోడ మీద ఉమ్మరాదు అని బోర్డుంది. ఆ బోర్డుకి ఎవరు చందా వేశారో.

ఫిబ్రవరి 10

మేం నాలుగో అంతస్తు. అత్తయ్య మాతోనే ఉంటుంది. తుంటి విరిగినప్పటినుంచి వాకర్ పట్టుకుని ఇంట్లో తిరగడమే, మెట్లు దిగే ప్రసక్తే లేదు. ఆవిడ సొంత అక్క, మా పెద్దత్తయ్య, ఇదే బిల్డింగులో గ్రౌండ్ ఫ్లోర్. ఆవిడకి గుండె జబ్బు. మెట్లెక్కారో ఇక మా చేతుల్లో లేదని డాక్టరు చెప్పేశాడు. పైగా చెవుడు, ఫోన్లో ఒక్క ముక్క వినపడదు.

లిఫ్టు నడిచే రోజుల్లో అత్తయ్య సాయంత్రం కాగానే దిగి, వాళ్లక్కకి తల దువ్వి, జడ వేసి వచ్చేది. డెబ్బై దాటిన చెల్లెలు ఎనభై దగ్గరపడ్డ అక్కకి జడ వెయ్యడం చూసి మేం నవ్వుకునేవాళ్లం. ఇప్పుడు ఈవిడ బాల్కనీలోంచి అరుస్తుంది. ఆవిడ వినపడకపోయినా కిందనుంచి చెయ్యి ఊపుతుంది. జుట్టు ముడేసుకుని ఉంటుంది. అది చూసి అత్తయ్య లోపలికొచ్చి అన్నం తిననంటుంది.

ఫిబ్రవరి 17

పేజీ పెట్టాను. రిజెక్ట్ చేశారు. కారణం: రిపేర్లకి క్రౌడ్‌ఫండింగ్ వర్తించదు, అవి కౌన్సిల్ బాధ్యత.

రెండుసార్లు చదివాను. ఆ తర్వాత మా ఆయనకి చదివి వినిపించాను. బేకరీలో రాత్రంతా పిండి పిసికి వచ్చి నిద్రలో ఉన్నాడు. ఇంకోసారి చదవమన్నాడు.

ఫిబ్రవరి 24

క్యాంపెయిన్లకి సాయం చెయ్యడానికి కౌన్సిల్ ఒకావిడని పెట్టింది. ఈ రోజు ఇంటికొచ్చింది. నాలుగు అంతస్తులెక్కి రొప్పుతూ, వావ్, వాట్ ఎ స్టోరీ అంది. అప్పటినుంచి ఆవిడ మా ఇంట్లో స్టోరీ మేడమ్.

రిపేర్ అన్న మాటే రానివ్వకండి అంది. కొత్తది ఏదైనా కావాలిట. లిఫ్టు లోపల గోడలకి బొమ్మలు వేయించి, కదిలే గ్యాలరీ అని రాద్దామంది. గ్యాలరీ కదలాలి కదా, కాబట్టి మోటారు ప్రదర్శన సామగ్రి కింద వచ్చేస్తుందంది. ఏ ఎండకా గొడుగు పట్టే మనిషి. కానీ తెలివైన ఎత్తే అనిపించింది. నేనే కూర్చుని రాశాను.

అత్తయ్య అంతా విని, మింగ మెతుకు లేదుగానీ మీసాలకు సంపెంగ నూనెట అంది. స్టోరీ మేడమ్ ఎంత బాగా అన్నారండీ అని ఫోన్లో ఎక్కించుకుంది.

మార్చి 4

పేజీ ఓకే అయింది. వేసినవాళ్లు: నేను, మా ఆయన, మూడో అంతస్తు టైలరు, ఎవరో పొరపాటున.

పక్క వీధి వాళ్ల కుక్కల పార్కు వారంలో టార్గెట్ దాటేసింది. వాళ్ల వీడియోలో కుక్కపిల్ల ఉంది. మీకు కూడా ఒక ముఖం కావాలండీ అని స్టోరీ మేడమ్ మెసేజ్ పెట్టింది. ఎవరి ముఖమో నాకు అడగకుండానే తెలిసింది.

మార్చి 11

చేతులు కడుక్కుని వచ్చి రాస్తున్నాను. ఊరికే కడుక్కోవాలనిపించింది.

పొద్దున కెమెరా వాళ్లొచ్చారు. మా ఆయనా, టైలరూ కలిసి అత్తయ్యని కుర్చీతో సహా ఎత్తి దించారు. ప్రతి మలుపు దగ్గరా ఆగి ఊపిరి పీల్చుకున్నారు. అత్తయ్య కళ్లు గట్టిగా మూసుకుని నా మణికట్టు పట్టుకుంది. ఇప్పటికీ గోళ్ల గుర్తులున్నాయి. కింద పెద్దత్తయ్య దువ్వెన పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చి నిలబడిందో పాపం, కాళ్లు వణుకుతున్నాయి. ఇద్దరూ ఒకర్నొకరు పట్టుకుని ఏడ్చారు. నేనూ ఏడ్చాను. టైలరు గోడ వైపు తిరిగాడు. అత్తయ్య కళ్లు తుడుచుకుని, ఏంటే ఈ చిక్కులు, ఎవరూ దువ్వట్లేదా నీకు అని తిడుతూ అక్క ముడి విప్పింది. దువ్వడం మొదలుపెట్టింది. మూడు పాయలు తీసింది.

అప్పుడు కెమెరా అబ్బాయి, సారీ, ముఖాలు చీకట్లో పడ్డాయి, మళ్లీ తీద్దాం అన్నాడు. స్టోరీ మేడమ్ చివరి మెట్టు నుంచి తీస్తే చాలు, అప్పుడే మొదటిసారి కలుసుకున్నట్టు ఉండాలంది.

పెద్దత్తయ్యకి వినపడలేదు. నేను చెవి దగ్గర అరిచి చెప్పాను. ఆవిడ నా ముఖంలోకి చూసి, మళ్లీ ఏడవాలా అమ్మాయ్ అని అడిగింది.

ఏడవాలి అన్నాను. నేనే అన్నాను, ఇంకెవరో కాదు.

ఏడ్చారు. రెండోసారి నిజంగా బాగా వచ్చిందట. ఆ తర్వాత పైకెక్కించే షాట్ వెలుతురుండగానే కావాలన్నారు. జడ సగంలో ఉంది. ఒక్క నిమిషం ఆగండి బాబూ అని అత్తయ్య అంటూనే ఉంది, కుర్చీ లేచింది.

మార్చి 12

మా ఆయన నడుము పట్టేసింది. ఇక బరువులెత్తావంటే మంచానికి అంకితమే అన్నాడు డాక్టరు.

మార్చి 23

టార్గెట్ దాటింది. షాపులో కౌంటర్ కింద ఫోన్ పెట్టుకుని రోజంతా పేజీ రిఫ్రెష్ చేస్తూ కూర్చున్నాను. ఎవరెవరో కన్నీళ్ల బొమ్మలు పెట్టారు. మా అమ్మమ్మ గుర్తొచ్చింది అని ఒకరు. బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ ఎక్కడిది అని ఒకరు.

నాకు సంతోషం వేసింది. వేసినందుకు ఒళ్లు మండింది. అయినా సంతోషమే. మోటారు వస్తుంది.

ఏప్రిల్ 19

మోటారు రాదు.

బిగించడానికొచ్చిన మెకానిక్‌ని కౌన్సిల్ వాళ్లు గేటు దగ్గరే ఆపేశారు. మోటారు గది కౌన్సిల్ ఆస్తి, రిపేర్ల సెక్షన్ తప్ప ఇంకెవరూ చెయ్యి పెట్టకూడదట. రిపేర్ల సెక్షన్‌కి పరిగెత్తాను. అదే గుమాస్తా. మా రికార్డుల్లో ఇప్పుడది లిఫ్టు కాదండీ, గ్యాలరీ, గ్యాలరీలు మా సెక్షన్ కిందికి రావు అన్నాడు. మీరే కదా అలా రాసింది అన్నాడు.

స్టోరీ మేడమ్‌కి ఫోన్ చేశాను. ఫేజ్ టూలో చూద్దామండీ అంది. గడువులోగా ఖర్చు పెట్టకపోతే అందరి డబ్బులూ వెనక్కి పోతాయి కాబట్టి మోటారు వాటా లైటింగుకీ, లాంచ్‌కీ మార్చేసిందట. అరిచాను. ఆవిడ చాలా ఓపిగ్గా విని, మీ బాధని నేను గౌరవిస్తానండీ అంది. మనిషి బాధని గౌరవిస్తారని నాకిప్పటిదాకా తెలియదు. తీరుస్తారేమో అనుకున్నాను.

ఇంటికొచ్చేసరికి అత్తయ్య కాళ్లకి నూనె రాసుకుంటోంది. లిఫ్టు వచ్చేలోపు కాళ్లు కాస్త ఆడాలి కదే అమ్మాయ్ అంది. చెప్పలేకపోయాను. టీ పెట్టాను.

మే 8

బొమ్మలు వేస్తున్నారు. నిజం చెప్పాలంటే బాగున్నాయి, అదే నా ఏడుపు. లోపల ఎదురు గోడ నిండా అత్తయ్య ముఖం. పెయింటర్ వీడియో చూసి వేశాడట. కళ్ల కింద ముడతలతో సహా దించేశాడు. బటన్లు కొత్తవి వేశారు, నొక్కితే రంగురంగులుగా వెలుగుతాయి. వెలగడం వరకే.

పైన పటారం, లోన లొటారం.

పెద్దత్తయ్య బయట కుర్చీలో కూర్చుని బొమ్మ వేస్తుంటే చూస్తోంది. చెల్లెలి చెవి కాస్త పెద్దగా వచ్చిందని పెయింటర్‌కి చెప్పిందట. వాడు సరిచేశాడు. ఈ మొత్తం వ్యవహారంలో మా ఇంటివాళ్లు చెప్పిన మాట విన్నవాడు వాడొక్కడే.

మే 19, ఉదయం 7

లాంచ్ ఈ రోజే. అత్తయ్య ఆరింటికే స్నానం చేసి, మంచి చీర కట్టుకుని, నాలుగో అంతస్తు లిఫ్టు తలుపు ముందు కుర్చీ వేయించుకుని కూర్చుంది. ఎవరు చెప్పినా లేవడం లేదు. లేపాలంటే నిజం చెప్పాలి. మా ఆయన నన్ను చెప్పమంటాడు. నేను ఆయన్ని చెప్పమంటాను.

మే 19, సాయంత్రం

చైర్మన్ గారు రిబ్బన్ కట్ చేశారు. లిఫ్టులోకెళ్లి, ఫొటో కోసం నాలుగో నంబరు నొక్కారు. బటన్ వెలిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. లిఫ్టు కదలలేదు, ఎవరూ కదులుతుందనుకోలేదు కూడా. ఆయన దిగి, ఈ గ్యాలరీ మనందరినీ ఎంతో ఎత్తుకి తీసుకెళ్తుంది అన్నారు. సమోసాలాంటిదేదో పంచిపెట్టారు. స్టోరీ మేడమ్ నన్ను కౌగిలించుకుంది. ఆవిడ సెంటు ఇంకా నా భుజం మీద కొడుతోంది, ఈ జాకెట్ ఉతకాలి.

చప్పట్లు పైకి వినపడ్డాయట. అత్తయ్య లేచి, వాకర్ పట్టుకుని, తలుపుకి ఇంత దూరంలో నిలబడిందట, తెరుచుకుంటే తగలకుండా. నేను పైకెళ్లేసరికి అలాగే నిలబడి ఉంది.

చెప్పాను. మెట్ల మీద కూర్చుని మొత్తం చెప్పాను.

వాకర్‌ని ఇంటి వైపు తిప్పుకుంది. గుమ్మం దగ్గర ఆగి, అక్కకి చెప్పకు, దాని గుండె మంచిది కాదు అంది.

మే 20

షాపుకి వెళ్లలేదు. అత్తయ్య తినలేదు. నేనూ.

మే 28

పాలకి దిగాను. పెద్దత్తయ్య లిఫ్టులో కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. జుట్టు విరబోసుకుంది, ఒళ్లో దువ్వెన. ఎదురుగా గోడ నిండా చెల్లెలు. నాలుగో నంబరు వెలుగుతోంది. బయటికి రండి అని సైగ చేశాను.

తలుపు వెయ్యి అమ్మాయ్, తెరిచుంటే కదలదు అంది.

వేశాను.