ఎర్రగడ్డకు సున్నా

20 జనవరి 2025, సోమవారం. కర్నూలు, లాడ్జి

పాసైన పిల్లలు ఇరవై రెండు శాతం నుంచి ఎనభై ఒకటి. ఈ రెండు అంకెలు చూపించడానికి శివశంకర్ గారు నలభై స్లైడ్లు వేశారు. చివర్లో చప్పట్లు. కొట్టింది ఆయన స్టాఫే.

నేను వచ్చిన పని ఇది. విదేశీ ఏజెన్సీ ఒకటి నిధులిస్తుంది. ఇక్కడ శివశంకర్ గారి సంస్థ పన్నెండు పల్లెల్లో సెంటర్లు నడుపుతుంది. బడి పిల్లలకు చదవడం, రాయడం గట్టిగా రావాలి, అదీ ఒప్పందం. ఈ పార్ట్‌నర్‌షిప్ మూడేళ్ళలో ఏం సాధించిందో తేల్చాల్సింది హైదరాబాద్‌లో నేను పనిచేసే కంపెనీ. మా టీమ్ లీడర్ రాఘవేంద్రప్రసాద్ గారు రిపోర్ట్ ముప్పాతిక వంతు ముందే రాసేశారు. నేను అయిదు రోజులు ఎండలో తిరిగి, అవును నిజమే అని సంతకం పెట్టాలి. దీన్ని ఫీల్డ్ వాలిడేషన్ అంటారు. ఏడ్చినట్టే ఉంది.

పదకొండు సెంటర్లకు స్లైడ్ మీద పచ్చరంగు. ఒక్కదానికి ఎరుపు. పత్తికొండ దగ్గరి పల్లెది. మూడేళ్ళయినా అక్కడ ప్రోగ్రెస్ లేదట, 31న మూసేస్తారట. ఆడుండే వలంటీరు శానా మొండిది మేడం, ట్రైనింగ్‌లో చెప్పింది వినదు అన్నారు శివశంకర్ గారు, నవ్వుతూ.

పిల్లల సెంటర్ మూసేస్తూ నవ్వెందుకో నాకర్థం కాలేదు.

21 జనవరి, మంగళవారం

ఆత్మకూరు వైపు ఒక పచ్చ సెంటర్ చూశాను. గోడలకు కొత్త రంగు, పిల్లలకు ఒకే రకం టోపీలు. పరీక్ష పెట్టారు. పరీక్షంటే పది బొమ్మల కార్డులు. బొమ్మ చూసి పేరు రాయాలి, ఆరు రాస్తే పాస్. బొమ్మలు కూడా ఏముంటాయి, ఉల్లిపాయ, చీపురు, తలుపు, కాకి. పిల్లలు గబగబా రాసేశారు. ఎనిమిది, తొమ్మిది, పది.

నాకు ఊరికే ఉండబుద్ధి కాక రెండో తరగతి తెలుగు వాచకం తెరిచి నాలుగో తరగతి వాళ్ళను చదవమన్నాను. ఆరుగురిలో ఒక్కరే ఒక వాక్యం పూర్తి చేశారు. మిగతావాళ్ళు నేలచూపులు చూశారు. పరీక్షలో కార్డులే గదా మేడం ఉండేది, పుస్తకం యాడుండాది అని అక్కడి వలంటీరు నామీదే విసుక్కుంది.

మూడేళ్ళు ఒక ఏజెన్సీ, ఒక సంస్థ, ఒక కంపెనీ కలిసి పిల్లలకు పది కార్డులు నేర్పించాయి. సిగ్గుండాలి.

22 జనవరి, బుధవారం. పత్తికొండ

ఎరుపు సెంటర్. రేకుల షెడ్డు. గోడకు రంగు లేదు, టోపీలు లేవు.

వలంటీరు పేరు రామేశ్వరమ్మ. నలభై అయిదేళ్ళుంటాయి. పదో తరగతి పాస్, పొద్దున టమోటా తోటలో కూలికి పోయి వచ్చి చదువు చెబుతుంది. నన్ను చూసి లేచి నిలబడలేదు. మూసేకి వచ్చినావా మేడం, కూచో, ముందు మజ్జిగ తాగు అంది.

ఇరవై ఆరుమంది పిల్లలు. నేను అడక్కముందే తొమ్మిదేళ్ళ పిల్ల ఒకతి, ఉరుకుందమ్మ, నా చేతిలో ఉన్న బొరుగుల ఉగ్గాని పొట్లం లాక్కుని దాని కాగితం మీదున్న పేపరు వార్త గడగడా చదివింది. బైపాస్ రోడ్డు టెండర్ల గురించి. మధ్యలో ఆగి, టెండరు అంటే ఏమి మేడం అనడిగింది. చెప్పాను. అయితే ఆ రోడ్డు ఎయ్యరులే అంది. నవ్వాపుకోలేకపోయాను. మిగతావాళ్ళూ చదివారు. కొందరు తడుముకుంటూ, కానీ చదివారు.

ఇక్కడ ప్రోగ్రెస్ లేదట! ఎవరి కళ్ళతో చూశారు?

రామేశ్వరమ్మ అసలు సంగతి చెప్పింది. ఈ ఊళ్ళో పంటలయిపోతే సగం ఇళ్ళు సుగ్గికి పోతాయి. సుగ్గి అంటే గుంటూరు వైపు మిరపకోతలకు వలస. తాళాలు వేసి పిల్లలతో సహా లారీ ఎక్కుతారు, ఉగాదికి వస్తారు. ఈ సెంటర్ పెట్టినప్పటి నుంచి పిల్లలు ఆగుతున్నారు. సుగ్గి నెలల్లో ఇక్కడే అన్నం, ఇక్కడే పడక, పక్క బడికి ఇక్కడి నుంచే పోతారు. ఇది మూసేస్తే పిల్లోల్లు ఎవురి దగ్గరుంటారు మేడం, మిరపచేలో ఉంటారు, అంతే గదా అంది.

ఉరుకుందమ్మ నాన్న దేవేంద్రప్ప సాయంత్రం కనిపించాడు. అమావాస్య మర్నాడు లారీ వస్తాదంట. నా బిడ్డ ఈడుంటే నాకి నిమ్మళం మేడం, మూసేదాన్ని ఆపుతారా అన్నాడు.

చూస్తానన్నాను. ఆ మాట ఎంత తేలిగ్గా వస్తుంది మనకు.

23 జనవరి, గురువారం. కర్నూలు

దొరికింది. దొంగ దొరికాడు!

సంస్థ ఆఫీసులో పొద్దుటి నుంచి పాత పేపర్ల కట్టలు విప్పి చూశాను. పరీక్ష రెండుసార్లు జరిగింది, మొదట్లో ఒకసారి, పోయిన నెల ఒకసారి. మొదటి పేపర్లలో పిల్లలు ఎర్రగడ్డ అని రాశారు. ఎర్ర ఇంకుతో కొట్టేసి సున్నా. ఎందుకంటే దిద్దడానికిచ్చిన జవాబుల కీలో ఉల్లిపాయ అని ఉంది. బుడ్డలు అని రాశారు, సున్నా. కీలో వేరుశనగ. తెల్లగడ్డ కాదు వెల్లుల్లి. ఉర్లగడ్డ కాదు బంగాళాదుంప. పొరక కాదు చీపురు. వాకిలి కాదు తలుపు. పదిలో ఆరు మాటలు. ఈ నేల మీద పుట్టిన పిల్ల సక్కగా రాస్తే నాలుగు దాటవు. అంటే ఫెయిల్. దాని పేరు ఇరవై రెండు శాతం.

పోయిన నెల పరీక్షకు ముందు ఒక సర్క్యులర్ వచ్చింది. స్థానిక పదాలను కూడా ఒప్పుకోవాలి అని. అవే పిల్లలు, అవే మాటలు, ఈసారి మార్కులు పడ్డాయి. దాని పేరు ఎనభై ఒకటి శాతం.

పిల్లలకేమీ రాలేదు. దిద్దే పద్ధతి మారింది, అంతే. దీనికి నలభై స్లైడ్లు! దీనికి చప్పట్లు!

మరి రామేశ్వరమ్మ సెంటర్? మొదటి రోజే ఆమె కీ పక్కన పెట్టి ఎర్రగడ్డకు మార్కు వేసింది. అప్పుడు డెబ్భై తొమ్మిది, ఇప్పుడు ఎనభై రెండు. ప్రోగ్రెస్ మూడు. ఎరుపు రంగు. మూసెయ్యండి.

ఫోన్ చేసి అడిగాను, కీ చూసి దిద్దమంటే ఎందుకు దిద్దలేదని. పిల్ల ఎర్రగడ్డ బొమ్మ చూసి ఎర్రగడ్డ అని రాసింది, నేను తప్పెట్ల ఏస్తా మేడం, నాకి పాపం తగలదా అంది.

పన్నెండు మంది వలంటీర్లలో సరిగ్గా దిద్దింది ఒక్కతే. ఆమె మెడ మీదే కత్తి.

24 జనవరి, శుక్రవారం. మధ్యాహ్నం

రాఘవేంద్రప్రసాద్ గారికి ఫోన్‌లో అంతా చెప్పాను. ఆయన మధ్యలో టీ తాగిన చప్పుడు వినిపించింది. మంచి పాయింటే వాసవీ, నాలుగో అనుబంధంలో పరిమితులు అని ఒక పేరా పెడదాం అన్నారు. మరి సెంటర్ అంటే, మూసివేతలు మన స్కోప్‌లో లేవమ్మా అన్నారు. ఏజెన్సీ రెండో విడత నిధులు ఈ ఎనభై ఒకటి మీదే ఆధారపడి ఉన్నాయట. చిన్న విషయాన్ని పెద్దది చెయ్యొద్దట.

ఇరవై ఆరుమంది పిల్లలు చిన్న విషయం.

శివశంకర్ గారి మీద పడ్డాను. ఎవడు రాశాడండీ ఈ కీ, ఈ జిల్లా మొహం ఎప్పుడైనా చూశాడా, మా కడప, కర్నూలు అంటే ఇంత చులకనా అని అందరి ముందూ అరిచాను. ఆయన శాంతంగా విన్నారు. కీ మాది కాదు మేడం, మీ కంపెనీ నుంచే వచ్చింది, స్కాన్ ఉండాది, పంపిస్తా అన్నారు.

24 జనవరి, సాయంత్రం 5.20

స్కాన్ వచ్చింది. చేతిరాత నాది.

26 జనవరి, ఆదివారం. వేంపల్లె

నిన్న డైరీ ముట్టలేదు. మొదటి బస్సుకు ఇంటికొచ్చాను.

మూడేళ్ళ కిందట ఆ కంపెనీలో చేరిన కొత్త. ఒక మధ్యాహ్నం పది బొమ్మలు నా ముందు పెట్టి పేర్లు రాయమన్నారు. ఏ ప్రాజెక్టుకో చెప్పలేదు, నేనూ అడగలేదు. ఎర్రగడ్డ బొమ్మ చూసి ఉల్లిపాయ అని రాశాను. చెయ్యి ఒక్క క్షణం కూడా ఆగలేదు. తర్వాత ఆ సంగతి గుర్తు కూడా లేదు.

ఎవరు రాశారు? ఎర్రగడ్డల వ్యాపారి గోవిందయ్య కూతురు రాసింది. మా అంగడి బోర్డు మీద అడుగెత్తు అక్షరాలతో ఎర్రగడ్డలు, తెల్లగడ్డలు అని ఉంటుంది. నేను అక్షరాలు కూడబలుక్కున్నది ఆ బోర్డు మీదే.

విజయవాడలో ఇంటర్ చదివేటప్పుడు, హాస్టల్ మెస్‌లో పెరుగన్నంలోకి ఎర్రగడ్డ కావాలని అడిగాను. ఎర్రగడ్డ కావాలంటే హైదరాబాద్ ఎర్రగడ్డలో ఉన్న పిచ్చాసుపత్రికి పంపిస్తాం అని ఒకమ్మాయి అంది. టేబుల్ అంతా నవ్వు. రెండేళ్ళు నా పేరు శ్రీవాసవి కాదు, ఎర్రగడ్డ. ఆ సెలవుల్లోనే అద్దం ముందు నిలబడి మాటలు మార్చుకున్నాను. ఉల్లిపాయ. చీపురు. తలుపు. చాలా. ఎక్కడ. నన్ను చూసి మళ్ళీ ఎవరూ నవ్వకూడదని. ఎంత బాగా నేర్చుకున్నానంటే, నన్ను చూసి నవ్విన అమ్మాయి చేసిన పనే ఎర్ర ఇంకుతో మూడొందల మంది పిల్లలకు చేశాను.

నాన్నకు చెప్పాను. ఆయన తక్కెడ కింద పెట్టి నన్నే చూశారు. ఎర్రగడ్డ అని రాస్తే సున్నా ఏయించినావా పాపా, మరి నేను ముప్పై ఏండ్లు అమ్మింది ఏంది అన్నారు. కోపంగా కూడా కాదు. నిజంగానే అడిగారు.

27 జనవరి, సోమవారం

నాలుగో అనుబంధంలో కాదు, మొదటి పేజీలో రాశాను.

ఈ ఆరు మాటలను తప్పని చెప్పిన కీ నేను రాశాను. నాది వేంపల్లె. ఆ ఆరు మాటలూ నాకు పుట్టినప్పటి నుంచి తెలుసు. వీటి వల్ల వచ్చిన ప్రగతి అంకెలు చెల్లవు. పత్తికొండ సెంటర్‌ను మూసేసే నిర్ణయం తప్పు, వెంటనే ఆపాలి.

పంపలేదు. ఉద్యోగం పోతుంది. పిరికిదాన్ని, రోజంతా కామాలు సరిచేస్తూ కూర్చున్నాను.

28 జనవరి, మంగళవారం. ఉదయం 11.40

పంపాను. రాఘవేంద్రప్రసాద్ గారికి కాదు, నేరుగా ఏజెన్సీకి. ఆయనకు కాపీ.

11.52కే ఆయన ఫోన్. ఎత్తలేదు.

29 జనవరి, బుధవారం

అమావాస్య. జవాబు లేదు.

30 జనవరి, గురువారం. పత్తికొండ

నేను పోయేసరికి లారీలో మూటలు ఎక్కిస్తున్నారు. బొంతలు, కోళ్ళగంప, స్టవ్వు. వాటి మధ్య ఏడుగురు సెంటర్ పిల్లలు.

ఆగండి, లెటర్ రాశాను, రెండు రోజులాగండి అని దేవేంద్రప్పను బతిమాలాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. సెంటర్ లేదు, పిల్లోల్లని తోలుకపోండి అని ఆఫీసోళ్ళు మీరు మొదటిసారి రాకముందే, ఆ సోమారమే చెప్పి పోయినారంట. నేను సంతకం పెట్టకముందే! ఆ వాలిడేషన్ ఎవరి కళ్ళు తుడవడానికి? ఆయన శనివారం దాకా నా కోసం చూశాడట. ఆదివారం కూలోళ్ళ మేస్త్రీకి మాటిచ్చినా మేడం, బిడ్డకూ చోటు చెప్పినా, ఇప్పుడెట్ల తప్పేది, శనారం వచ్చి ఒక్క మాట చెప్పింటే ఆగుదును అన్నాడు.

శుక్రవారానికే నాకు అంతా తెలుసు. శనివారం నేను ఇంటి బస్సెక్కాను, నా సిగ్గు నేను చూసుకోడానికి.

ఉరుకుందమ్మ లారీ పైనుంచి వంగి, పలక మేడం దగ్గర ఇడిసిపెట్టినా, జాగర్త అని అరిచింది. దుమ్ము లేచింది.

రామేశ్వరమ్మ షెడ్డు వాకిట్లో కూర్చుంది. పక్కన కూర్చుని కీ సంగతి, నా ఊరి సంగతి చెప్పాను. తిడుతుందనుకున్నాను, తిట్టాలనే చెప్పాను. ఉరుకుందమ్మ పలకను కొంగుతో తుడిచింది. తర్వాత, మీది వేంపల్లె గదా పాపా, మీ ఇంట్లో ఏమంటారు దాన్ని అనడిగింది.

ఎర్రగడ్డ అన్నాను. పదిహేనేళ్ళ తర్వాత ఆ మాట నా మాటగా నా నోట వచ్చింది, ఏడుపుతో కలిసి.

3 ఫిబ్రవరి, సోమవారం

ఏజెన్సీ జవాబు వచ్చింది. పేపర్లన్నీ మళ్ళీ దిద్దిస్తారట. పత్తికొండ సెంటర్ నడుస్తుందట. ఇది అందరికీ విలువైన లెర్నింగ్ అని చివర్లో రాశారు. లెర్నింగ్! మూడేళ్ళు పిల్లల మీద సున్నాలు వేసి మనం లెర్న్ అయ్యాం.

మా కంపెనీ మెయిల్ కూడా వచ్చింది. రేపటి నుంచి రావద్దట. నాలుగు వాక్యాల్లో రెండు తప్పులున్నాయి.

సెంటర్‌లో పంతొమ్మిది మంది.

16 ఫిబ్రవరి, ఆదివారం

రామేశ్వరమ్మ ఫోన్. ఉరుకుందమ్మ గుంటూరు నుంచి మాట్లాడిందట. అంగట్లో ఎర్రగడ్డ అడిగితే నవ్వినారంట. ఇప్పుడు ఉల్లిపాయ అనేది నేర్చుకున్నా మేడం అని చెప్పిందట.

నా కీ ప్రకారం ఆ పిల్ల పాస్.