తువ్వాలు కింద చెయ్యి

నాయనా,

నీ సంవత్సరీకం మొన్ననే అయింది. ఎల్లుండి బెంగుళూరులో నాకు ఎంబీఏ సీటుకు ఇంటర్వ్యూ.

ఈ చదువు ఎందుకు కావాలో రాసి పంపమంటే నీ గురించే రాశాను. పుంగనూరు సంతలో ఎద్దుల బేరాలు కుదిర్చేవాడివని, తువ్వాలు కప్పి, దాని కింద ఎదుటివాడి వేళ్లు పట్టుకుని, నోరు విప్పకుండానే ధర తేల్చేవాడివని రాశాను. మా నాయనకు భయమంటే తెలియదని ముగించాను. ఆ చివరి మాట మీద ఇంగ్లీషులో ఏమడుగుతారోనని ఇప్పుడు నాకు అన్నం సయించడం లేదు.

మదనపల్లెలో మా లెక్చరర్ ఉత్తుత్తి ఇంటర్వ్యూ పెడితే, నా పేరు చెప్పడానికే తడబడ్డాను. వణికే చేతుల్ని ఒళ్లో దాచుకున్నాను.

"చేతులు బల్ల మీద పెట్టుకోమ్మా. ఆడ ఇంటర్వ్యూ చేసేటోళ్లు అవే సూస్తారు" అన్నాడాయన.

నిన్న పెద్దపంజాణి నుంచి మునెప్ప మామ వచ్చాడు. నీతో ఎన్ని బేరాలు చేశాడో నీకే తెలుసు.

"మా నాయనకుండే ధైర్యం నాకు యాడిది మామా?" అన్నాను.

మామ నవ్వాడు. "ధైర్యమా? తువ్వాలు కింద మీ నాయన చెయ్యి ఎప్పుడూ వణుకుతానే ఉండె గదమ్మా. పట్టుకున్నోణ్ని, నాకు తెలీదా? మొగం మాత్రం కదిలేది కాదు."

నేను రాసింది అబద్ధమైపోయింది. అది బెంగుళూరు చేరి చాలా రోజులైంది.

పెట్టెలో బట్టల మీద నీ తువ్వాలు పెట్టుకున్నాను. కానీ ఎల్లుండి నా చేతులు బల్ల మీద ఉండాలి నాయనా. కప్పుకోనివ్వరు.

నీ కూతురు