నా పెళ్లి స్పూలు వెయ్యొద్దు

వెంకట్రామూ,

పాత టేప్ రికార్డర్ చూసేదానికి చూలై పేట నుంచి సాయంత్రం మనిషొస్తాడు. నేను తిరువొత్తియూరు రైలుకు పోతా ఉండా. హెడ్డు అరగలేదు, బెల్టు కొత్తది, పన్నెండు వేలకు తగ్గొద్దు. నాదస్వరం టేపు స్పూలు వేసి వినిపించు. నా పెళ్లి స్పూలు మాత్రం వెయ్యొద్దు. పోయిన వారం వచ్చినాయన దాంట్లో నాయన పాట వణకతా ఉంటే విని, మోటారు పోయిందని సగం ధరకు అడిగినాడు. నాయన కూడా "అవునప్పా, మోటారే" అనేసినాడు. అదే స్పూల్లో మేళం ఏ వణుకూ లేకుండా పలకతా ఉంది గదా! నన్ను అత్తగారింటికి పంపేటప్పుడు నాయన పాడిన పాట అది.

ఇడ్లీ పిండి ఫ్రిజ్జులో ఉంది.

అక్క

ఇంకోటి మరిచిపోయినా. నాయన్ని టీ అంగడికి పంపించినాకే బేరం మాట్లాడు. మోటారు బాగుందని ఆయన చెవిన పడనీయొద్దు. ఇన్నేండ్లు నెపం దాని మింద వేసి నెట్టుకొచ్చినాడు, అట్లనే ఉండనీ.