చెయ్యెత్తే ముందు

బుడాపెస్ట్

అన్నకు, వదినకు సుజాత దండాలు.

వదిన మోకాళ్ల నొప్పి తగ్గిందా? ఇక్కడ చలి ఎముకలు కొరుకుతోంది. గది మాత్రం వెచ్చగానే ఉంది, రోజూ అన్నం వండుకుంటున్నాను, ఫికర్ చేయకండి. పచ్చిపులుసు కోసం ప్రాణం కొట్టుకుంటోంది, ఎవరైనా వస్తుంటే ఇంత చింతపండు పంపండి.

అన్నా, నిన్న నువ్వు ఫోన్లో చెప్పింది విన్నప్పటి నుంచి ముద్ద మింగుడు పడటం లేదు. మీటింగులో తెలుగులో మాట్లాడలేని దుకాణదారుకు బజారు సంఘంలో ఓటు ఉండొద్దని ఆదివారం తీర్మానం పెడతానన్నావు. "మన గడ్డ మీద మన మాటే నడవాలె చెల్లె, దాంట్ల తప్పేమున్నది?" అన్నావు. అది పడేది మన పక్క దుకాణం కిషన్ భాయి మీదే. తాతల నాటి నుంచి మన ఊళ్లోనే ఉన్నా, గిరాకీలతో తెలుగే మాట్లాడినా, నలుగురిలో లేచి నిలబడితే కంగారులో హిందీలోకి పోయే మనిషి ఆయన.

నేను ఇక్కడ చదువుతున్నది ఈ దేశపు పాత పార్లమెంటు గొడవలే. అప్పుడు హంగేరీ ఆస్ట్రియా చక్రవర్తి కింద ఉండేది. మా సిపాయిలకు జర్మన్‌లో ఆర్డర్లెందుకు, మా భాషలో ఇవ్వండని హంగేరీ సభ్యులు సభను నడవనివ్వలేదు. చదువుతుంటే నేనూ వాళ్ల పక్షానే నిలబడ్డాను. విజయవాడ హోల్‌సేల్ కొట్లో నీ యాస విని నవ్వారని నువ్వు అన్నం మానేసి పడుకున్న రోజు గుర్తొచ్చింది.

తర్వాత అదే మనుషులకు అధికారం వచ్చింది. తమ కింద ఉన్న క్రొయేషియాలో రైలు ఉద్యోగాలకు హంగేరీ భాష రావాల్సిందేనన్నారు. క్రొయేషియా సభ్యులు అదే సభలో లేచి గంటలకొద్దీ తమ భాషలో మాట్లాడారు. సభలో ఎవరికీ అర్థం కాలేదు, అయినా వాళ్లు ఆగలేదు. చివరికి రాజ్యం ముక్కలైనప్పుడు క్రొయేషియా వీళ్ల ముఖం కూడా చూడకుండా వెళ్లిపోయింది. అది చదువుతుంటే నీ గొంతే వినిపించి భయమేసింది.

నాన్న దవాఖానలో ఉన్నప్పుడు మన షట్టర్ ఎత్తిందెవరు? "పహెలే వాళ్ల దగ్గర బోణీ చెయ్యమ్మా, నా తాన తర్వాత కొందువు" అని తన మొదటి గిరాకీని మన దుకాణానికి పంపిందెవరు? ఏ భాషలో పంపాడని ఆ రోజు అడగలేదే నువ్వు.

మొన్న కూరగాయల దుకాణంలో వాళ్ల భాష రాదని ఒక పెద్దామె నా మీద అరిచింది. వెనక వాళ్లు నవ్వారు. టమాటాలు అక్కడే వదిలేసి వచ్చాను. ఇది నీకు చెప్పొద్దనుకున్నాను.

నీకు చెప్పేంతదాన్ని కాదు. తిట్టు, పడతాను. అమ్మకు నా దండాలు, పిల్లలకు ముద్దులు. కిషన్ భాయికి నా నమస్తే మాత్రం నువ్వే చెప్పాలి, ఆదివారం మీటింగుకు ముందే, ఆయన దుకాణంలో కూర్చొని. ఆయన చాయ్ తెప్పిస్తాడు, తాగు. ఆ తర్వాత కూడా నీ చెయ్యి లేస్తే, ఎత్తు.

నీ తిట్టయినా దీవెనయినా కావాలనుకునే
చెల్లె సుజాత