రోమ్‌కు తెల్ల రంగు

ఆగస్టు 16, శనివారం

రోమ్‌కు తెల్ల రంగు కొట్టి అన్యాయం చేస్తున్నారు. చేయిస్తున్నది కొత్తపేటలో ఒక వినాయక కమిటీ. కొడుతున్నది నేను, జ్యోతిక, ఎల్బీనగర్‌లో సాంబమూర్తి గారి సెట్టింగుల షెడ్డులో పెయింటర్ని.

ఈసారి మండపం రోమ్ నగరం సెట్టట. థర్మాకోల్ స్తంభాలు, ఫైబర్ విగ్రహాలు, అన్నీ పాలలా తెల్లగా. అబద్ధం! గ్రీకులూ రోమన్లూ విగ్రహాలకు రంగులు వేసుకున్నారు. వందల ఏళ్లు ఎండకూ వానకూ మట్టికీ ఆ రంగు పోయింది. తవ్వి తీసినవాళ్లు తెలుపే అసలనుకున్నారు. ఇది నాకు ఏ కాలేజీ చెప్పలేదు. ఫోన్‌లో చదివాను.

సాంబమూర్తి గారికి చెప్పబోయాను.

"అమ్మాయ్, పోయిన నెల పెళ్లివాళ్లతో ఇలాగే వాదించి సెట్టు పోగొట్టావ్. ఇది అయ్యేదాకా నోరు మూసుకో. వనస్థలిపురం రిసెప్షన్ సెట్టు డిజైన్ నీకే ఇస్తాను."

డిజైన్! ఇన్నేళ్లుగా ప్రైమర్ కొట్టడమే నా బతుకు.

తీర్మానం: మండపం పూర్తయ్యేదాకా ఎవరి చరిత్రా దిద్దను. ఇదేం పెద్ద పని!

ఆగస్టు 17

కమిటీ ప్రెసిడెంటు భిక్షపతి అన్న వచ్చాడు. "చెల్లె, సీజర్ చక్రవర్తిని గేటు కాడ నిలబెట్టు. మస్తుండాలె."

సీజర్ చక్రవర్తి కానే కాదు. ఆయన చచ్చాక దత్తపుత్రుడు అయ్యాడు మొదటి చక్రవర్తి. చెప్పలేదు! "సరే అన్నా" అన్నాను. నాలుక కొరుక్కుని రెండు చాయ్‌లు తాగాను. గెలుపు.

ఆగస్టు 19

ఇప్పుడు నీరో కావాలట. "రోమ్ కాలుతుంటె వయొలిన్ కొట్టిండు గద, ఆడు."

వయొలిన్ పుట్టిందే ఆ తర్వాత పద్నాలుగు వందల ఏళ్లు దాటాక. మంట అంటుకున్నప్పుడు నీరో ఊళ్లోనే లేడట. అయినా థర్మాకోల్‌తో వయొలిన్ నా చేతులతోనే కోశాను. కమాను కూడా.

కిష్టమ్మక్కకు మాత్రం చెప్పాను. పక్కన కూర్చుని జిగురు పూసే మనిషి. తోటి పనివాళ్లకు చెప్తే లెక్కలోకి రాదు.

"ఆడు ఏం కొడితే నీకేం నొస్తదే?" అంది.

నొస్తుంది.

ఆగస్టు 21

దిద్దలేదు. భిక్షపతి అన్నను అడిగానంతే. అడగడం వేరు, దిద్దడం వేరు.

"అన్నా, గా కాలంల వయొలిన్ ఉండెనా?"

"నువ్వు చూసినవా?"

"మీరు చూసిండ్రా?"

సాంబమూర్తి గారు వెనక నుంచి దగ్గారు.

స్తంభాల వెనక పెన్సిల్‌తో నిజాలు రాశాను. వెనక్కి ఎవరూ వెళ్లరు కాబట్టి తీర్మానం భద్రం.

ఆగస్టు 23

వాన. తెలుపు చారలు కట్టింది. "ఇంకో కోటు కొట్టు" అని సాంబమూర్తి గారు లారీతో బాలాపూర్ వెళ్లారు. మూలన గుడి ద్వారం సెట్టుకు వాడగా మిగిలిన డబ్బాలు. పసుపు, ఎరుపు, నీలం, ఆకుపచ్చ.

మినర్వా అని ఒక రోమన్ దేవత. చేతిలో ఈటె. ఆమెకు పెదవులు మాత్రం వేశాను. అంతే.

కళ్లు కూడా. లేకపోతే గుడ్డిదానిలా ఉంది.

బట్ట అంచు...

ఆగస్టు 25

అందరికీ వేశాను!! సీజర్‌కు ఎర్ర శాలువా. నీరోకు నెమలి నీలం. సాంబమూర్తి గారు చూడకముందే పాలిథిన్ చుట్టి లారీ ఎక్కించాను. విప్పేదాకా ఎవరికీ తెలియదు. ఇప్పటికీ నోరు విప్పలేదు. బ్రష్ నోరు కాదు.

ఆగస్టు 26. రేపే చవితి

విప్పారు.

"ఇదేం రోమ్? మా నల్గొండ దిక్కు గుడి గోపురం లెక్కుంది!" భిక్షపతి అన్న అరిచాడు. "కొత్తపేట మొత్తం రోమ్ రోమ్ అని ఫ్లెక్సీలు కట్టిచ్చిన!"

తీర్మానం అక్కడే చచ్చింది. సీజర్, నీరో, వయొలిన్, తెలుపు, అన్నీ మొహం మీదే చెప్పాను. చివర్లో బొటనవేలు కిందికి తిప్పి, "రోమ్‌ల అయితే మీకు గిట్ల చూపిస్తుండె. ఖతం!" అన్నాను.

(తర్వాత వెతికాను. పోటీలో ఓడినవాణ్ణి చంపమనడానికి రోమన్లు వేలు ఎటు తిప్పేవాళ్లో ఎవరికీ సరిగ్గా తెలియదట. ఛీ!)

"సాయంత్రానికి అన్నీ తెల్లగా ఉండాలి. డిజైన్ మాట మర్చిపో" అన్నారు సాంబమూర్తి గారు.

ఏడుస్తూ బ్రష్ ముంచాను. అంతలో భిక్షపతి అన్న తల్లి లచ్చమ్మ వచ్చింది. మినర్వాను చూసి చెప్పులు విడిచింది. ఈటెకు నిమ్మకాయ గుచ్చింది. పాదాలకు పసుపు కుంకుమ పెట్టింది.

"పోచమ్మ తల్లి! ముఖంల ఎంత కళున్నదో!"

"అవ్వా, ఆమె అమ్మోరు గాదు. రోమ్ ఆమె. తెల్లరంగు కొడుతున్నం" అన్నాడు కొడుకు.

"బొట్టు పెట్టినంక రంగు కొడ్తవార? దిమాక్ ఉన్నదా నీకు?" ఆమె నా వైపు తిరిగింది. "చేసినదానివి నువ్వు చెప్పు బిడ్డా. గీమె అమ్మోరా, కాదా?"

మినర్వా. గ్రీకుల ఎథీనా లాంటిది. నోటిదాకా వచ్చింది. చెబితే తెలుపే.

"అమ్మోరే అవ్వా" అన్నాను.

ఇన్ని రోజుల్లో దిద్దకుండా పూర్తిగా వదిలేసిన తప్పు ఇదొక్కటే.

ఆగస్టు 28, గురువారం

రంగులు నిలిచాయి. దిల్‌సుఖ్‌నగర్ నుంచి కూడా జనం! సీజర్‌కు కొబ్బరికాయలు కొడుతున్నారు. నీరోను నారదుడంటున్నారు. భిక్షపతి అన్న ఫ్లెక్సీలు మార్పించాడు: "ప్రాచీన దేవాలయం సెట్టు". రంగులు నిజమయ్యాయి, రోమ్ పేరు మాయమైంది.

ఈ రోజు నుంచి మళ్లీ మొదలు. ఎవరి చరిత్రా దిద్దను. ఈసారి గట్టిగా! ఆ ఫ్లెక్సీ ఒక్కటి తప్ప.

సాంబమూర్తి గారికి ఇప్పుడే వాట్సాప్ చేశాను: "జనం వస్తున్నది నా రంగులకే. మీరూ ఫొటో దిగారు, చూశాను. ఫ్లెక్సీ మీద రోమ్ అని మళ్లీ రాయించాలి. వనస్థలిపురం డిజైన్ నాకే ఇవ్వాలి. శనివారం సాయంత్రం ఆరులోగా జవాబు చెప్పండి."